ఆసుపత్రి గడప దాటిన పౌరుడికి హక్కులుండవా?

ఢిల్లీ మెట్రో బ్లూ లైను ఒక కొస వైశాలి. ఘజియాబాద్ జిల్లాలోని ఈ కాలనీకి 2011 జులైలో మెట్రో వచ్చింది. ఇక్కడ రైలెక్కిన మనిషి కౌశాంబీ దాటి, రెండో స్టేషను ఆనంద్ విహార్‌లో దిగేసరికి ఉత్తరప్రదేశ్ పోయి ఢిల్లీ వస్తుంది. ఉద్యోగానికి వెళ్లేవారికి ఈ మార్పు పట్టదు. రోగిని వెంటబెట్టుకుని వెళ్లేవారికి మాత్రం అది చాలా పెద్ద మార్పు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశాలు. వైశాలిలోని ఆసుపత్రికి 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం వర్తిస్తుంది. రెండు స్టేషన్ల అవతల ఉన్న నర్సింగ్ హోమును 1953 నాటి ఢిల్లీ నర్సింగ్ హోముల రిజిస్ట్రేషన్ చట్టం ఏలుతుంది. రోగం ఒకటే, రోగి ఒకడే. ఎక్కడ మంచమెక్కాడన్నదాన్ని బట్టి అతడికి దక్కే రక్షణ మారిపోతుంది.

ఢిల్లీలో ఇల్లు కొనలేని మధ్యతరగతి, తెలుగు కుటుంబాలతో సహా, వైశాలి, వసుంధర, ఇందిరాపురం కాలనీల్లో స్థిరపడింది. వారికి ఇంటి పక్కన కార్పొరేట్ ఆసుపత్రి ఉంది, సరిహద్దు అవతల ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, సందుకో నర్సింగ్ హోము ఉంది. లేనిదల్లా, చికిత్సలో తేడా వస్తే ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి, ఎప్పటిలోగా అడగాలి అన్న సమాచారం. ఆసుపత్రిలో చేరేటప్పుడు బీమా కార్డు అడుగుతారు, అడ్వాన్సు అడుగుతారు, సంతకాలు అడుగుతారు. రోగికి ఏయే హక్కులున్నాయో చెప్పే మనిషి ఆ కౌంటరులో ఉండడు. దేశ రాజకీయాలు కూడా ఆరోగ్యాన్ని కార్డుల లెక్కలోనే చూస్తున్నాయి. ఎన్ని కుటుంబాలకు కార్డులిచ్చారన్నది ఎన్నికల సభల్లో వినిపిస్తుంది. ఆ కార్డు తీసుకుని లోపలికి వెళ్లిన మనిషి క్షేమంగా బయటికి వచ్చాడా అన్న ప్రశ్న మాత్రం ఏ మేనిఫెస్టోలోనూ వినబడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం చికిత్స పొందే ప్రతి పదిమందిలో ఒకరికి ఆ చికిత్స క్రమంలోనే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా నివారించదగినదేనని ఆ సంస్థే చెబుతోంది. దీనర్థం పదిమందిలో ఒకరి విషయంలో వైద్యుడు నేరం చేశాడని కాదు. హాని వేరు, పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే ఒకవైపు ఆసుపత్రి అద్దాలు పగులుతున్నాయి, మరోవైపు నిజంగా అన్యాయమైపోయినవారు ఏమీ చేయలేక ఇంటికి తిరిగి వెళ్తున్నారు.

నిర్లక్ష్యమంటే ఏమిటో సుప్రీంకోర్టు 2005 ఆగస్టు 5న జాకబ్ మాథ్యూ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ రంగంలో సాధారణ నైపుణ్యమున్న వైద్యుడు అదే పరిస్థితిలో తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే కొలమానం. 1957లో ఇంగ్లండులో బోలమ్ కేసులో ఏర్పడిన సూత్రమే దీనికి మూలం. రోగి చనిపోయినంత మాత్రాన, ఆపరేషన్ ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. రెండు చికిత్సా పద్ధతులున్నప్పుడు వైద్యుడు ఒకదాన్ని ఎంచుకుని, అది పనిచేయకపోయినా నిర్లక్ష్యం కాదు. రోగి కుటుంబానికి ఈ మాట చేదుగా ఉండవచ్చు. అయితే ఈ రక్షణ లేకపోతే ప్రమాదంలో ఉన్న రోగిని ముట్టుకోవడానికి ఏ వైద్యుడూ సాహసించడు. చివరికి నష్టపోయేది రోగే.

అదే జాకబ్ మాథ్యూ కేసు మరో సత్యాన్ని కూడా బయటపెట్టింది. 1995లో లూధియానాలోని ఒక ఆసుపత్రిలో ఊపిరాడని వృద్ధ రోగికి తగిలించిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీది. వైద్యుడిపై క్రిమినల్ కేసు నిలవదని కోర్టు కొట్టివేసింది. సిలిండర్ అందుబాటులో ఉంచని ఆసుపత్రి సివిల్ బాధ్యత వహించవలసి రావచ్చని మాత్రం చెప్పింది. ఖాళీ సిలిండర్ ఒక వైద్యుడి చేతివాటం కాదు. ఎవరు తనిఖీ చేయాలి, ఎప్పుడు మార్చాలి, ఎవరు నమోదు చేయాలి అన్న వ్యవస్థ లేకపోవడం అది. వైద్య నిర్లక్ష్యం గురించిన చర్చ ఎప్పుడూ తెల్లకోటు వేసుకున్న ఒక మనిషి దగ్గరే ఆగిపోతుంది. ఆ మనిషి వెనకనున్న యాజమాన్యం, దానికి అనుమతినిచ్చిన ప్రభుత్వ శాఖ చిత్రంలో ఉండవు.

రాజధాని ప్రాంతపు చరిత్ర ఇదే చెబుతోంది. స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. టైఫాయిడ్‌తో ఢిల్లీ ఆసుపత్రిలో చేరిన పసివాడికి నర్సు ఇచ్చిన తప్పుడు ఇంజెక్షనుతో గుండె ఆగింది, మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. ఆ నర్సుకు తగిన అర్హత లేదని విచారణలో తేలింది. అర్హత లేని మనిషి చేతికి సిరంజి ఇచ్చినది యాజమాన్యమే. అందుకే కోర్టు పిల్లవాడికి 12.5 లక్షల రూపాయలు, తల్లిదండ్రులకు విడిగా 5 లక్షల రూపాయలు పరిహారం నిలబెట్టింది. బిడ్డ కోసం సేవలు పొందిన తల్లిదండ్రులూ వినియోగదారులేనని చెప్పింది. 2016 జూన్‌లో ఢిల్లీ షాలిమార్ బాగ్‌లోని ఒక పేరున్న ఆసుపత్రిలో ఒక కాలికి గాయమైన యువకుడికి రెండో కాలికి ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ చేయవలసిన అవయవంపై ముందుగా గుర్తు పెట్టడం, మత్తు ఇచ్చే ముందు రోగి పేరును, చోటును మరోసారి సరిచూడటం ప్రపంచమంతటా అమల్లో ఉన్న చిన్న పద్ధతి. ఖర్చు లేనిది. అదీ జరగలేదు.

వైశాలికి కూతవేటు దూరంలోని తూర్పు ఢిల్లీ వివేక్ విహార్‌లో 2024 మే 25 రాత్రి నవజాత శిశువుల ఆసుపత్రి తగలబడి పసికందులు ప్రాణాలు కోల్పోయారు. దాని లైసెన్సు అదే ఏడాది మార్చి 31తో ముగిసిపోయింది. ఆ లైసెన్సయినా ఐదు మంచాలకే. ప్రమాదం జరిగినప్పుడు అక్కడ పన్నెండుమంది శిశువులున్నారు. విధుల్లో ఉన్న వైద్యుడి చదువు ఆయుర్వేదమని పోలీసులు ప్రకటించారు. ఇందులో ఏ ఒక్కటీ రహస్యం కాదు. ఒక ఇన్‌స్పెక్టరు ఆ మెట్లెక్కి మంచాలు లెక్కబెట్టి ఉంటే కనిపించే విషయాలే. లెక్కబెట్టే మనిషిని పంపని ప్రభుత్వం, ప్రమాదం తర్వాత మాత్రం విచారణకు ఆదేశించింది. 2017 డిసెంబరులో బతికున్న శిశువును చనిపోయినట్టు అప్పగించారన్న ఆరోపణపై ఢిల్లీ ప్రభుత్వం ఒక పెద్ద ఆసుపత్రి లైసెన్సు రద్దు చేసింది. రెండు వారాలు తిరగకముందే అప్పీలు అధికారి ఆ ఉత్తర్వును నిలిపివేశారు. ఎప్పుడూ తనిఖీ చేయకపోవడం, ఆగ్రహం పెల్లుబికినప్పుడు ఒకేసారి తాళం వేయడం, తర్వాత ఆ తాళం తీయడం. ఈ మూడింటిలో ఏదీ రోగికి భద్రత కాదు.

రోగి ముందుగా తెలుసుకోవలసినది సమ్మతి గురించి. ఆసుపత్రిలో పెట్టించుకునే సంతకాన్ని చాలామంది ప్రాణాలు రాసిచ్చిన దస్తావేజుగా భావిస్తారు. "ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు" అని ఫారం మీద అచ్చువేసినంత మాత్రాన నిర్లక్ష్యానికి మాఫీ దొరకదు. 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది. ఢిల్లీలో ఒక మహిళకు పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషనుకు ఇచ్చినట్టు కాదని, ప్రాణాపాయం లేనప్పుడు వయోజనురాలి శరీరంపై తల్లి సమ్మతి చెల్లదని న్యాయస్థానం చెప్పింది. చికిత్స స్వభావం, దాని ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు, చికిత్స వద్దనుకుంటే ఏమవుతుంది అన్నవి చెప్పి తీసుకున్నదే సమ్మతి. అయినా ఆమెకు దక్కిన పరిహారం 25 వేల రూపాయలు, దానితోపాటు ఫీజు కట్టనవసరం లేదన్న ఊరట. సూత్రం గొప్పది, ఫలం చిన్నది.

పైగా ఆ సమ్మతి పత్రం ఏ భాషలో ఉంటుంది? ఢిల్లీలోనైనా, విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా అది చాలావరకు ఇంగ్లిషులోనే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చి రాజధాని చుట్టూ కట్టడాల్లో పనిచేసే మనిషి వేలిముద్ర వేసే కాగితంలో ఏముందో అతడికి చదివి వినిపించే నాథుడుండడు. అర్థం కాని కాగితంపై తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనడం న్యాయసూత్రానికే విరుద్ధం.

రెండో విషయం రుజువు. ఇక్కడ తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు దేశం మొత్తానికి దారి చూపింది. 2002 జులైలో హైదరాబాద్‌లో ఒక మహిళ చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరింది. మలేరియా అయితే టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. పరిస్థితి విషమించాక మరో ఆసుపత్రికి తరలించారు, అక్కడ ఆమె మరణించింది. భర్త మలేరియా విభాగంలోనే ఉద్యోగి. జిల్లా ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ ఆ కొట్టివేతనే సమర్థించింది. 2010 మార్చి 8న వి.కిషన్‌రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ కేసులో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును పునరుద్ధరించింది. ప్రతి వైద్య నిర్లక్ష్యం కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని, వాస్తవాలే నోరు తెరిచి చెప్పే సందర్భాలుంటాయని స్పష్టం చేసింది. ఒక వైద్యుడిపై మరో వైద్యుడు సాక్ష్యం చెప్పడానికి ముందుకురాని దేశంలో ఈ తీర్పు సామాన్యుడికి కొండంత అండ. కానీ 2 లక్షల రూపాయల న్యాయం కోసం ఒక మనిషి ఎనిమిదేళ్లు, నాలుగు మెట్లు ఎక్కవలసి వచ్చింది.

ఈ అంకె పక్కనే మరో అంకె పెట్టి చూడాలి. 1998లో కోల్‌కతాలో జరిగిన చికిత్స కారణంగా భార్యను పోగొట్టుకున్న డాక్టర్ కునాల్ సాహా అమెరికాలో స్థిరపడిన వైద్యుడు. పదిహేనేళ్లు పోరాడారు. 2013 అక్టోబరు 24న సుప్రీంకోర్టు వడ్డీ కాకుండా 5.96 కోట్ల రూపాయల పరిహారం నిర్ణయించింది. ఆయన పోరాటం వ్యర్థం కాలేదు, ఎన్నో కుటుంబాలకు ధైర్యమిచ్చింది. అయితే పోయిన మనిషి సంపాదనను బట్టి ప్రాణానికి వెల కట్టే పద్ధతిలో ఒక అమానుషమైన లెక్క దాగి ఉంది. ధనికుడి విషయంలో పొరపాటు చేస్తే ఆసుపత్రికి ఖరీదు, పేదవాడి విషయంలో చేస్తే చవక. పొరపాటు జరగకుండా ఖర్చుపెట్టడం కంటే జరిగాక పేదవాడికి పరిహారమివ్వడమే లాభమనిపించే వ్యవస్థలో, ప్రమాదం ఎవరి మంచం దగ్గర కాచుకుని ఉంటుందో ఊహించవచ్చు.

ఆ పేదవాడు అసలు డబ్బే కట్టకపోతే? ఇక్కడే చట్టంలోని అతిపెద్ద కంత ఉంది. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. ఈ దేశపు రోగులకు దొరికిన అతిముఖ్యమైన ఆయుధం అదే. 2019 చట్టం వచ్చాక వైద్యులు దాని పరిధిలోకి రారన్న వాదన లేచినా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని అంగీకరించలేదు. అయితే శాంత తీర్పే ఒక గీత గీసింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రి ఈ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచిత రోగికీ హక్కు ఉంటుంది. బీమా సంస్థ చెల్లించినా అది చెల్లింపే. ఆ తర్కం ప్రకారం ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ కార్డులపై ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారికి ప్రభుత్వం చెల్లించేదీ చెల్లింపేనని వాదించడానికి బలమైన ఆధారముంది. అందరికీ ఉచితమైన ప్రభుత్వ ఆసుపత్రిలో చేరిన మనిషి మాత్రం వినియోగదారుడు కాడు. అంటే అతి పేద రోగికి అతి సులభమైన న్యాయద్వారం మూసుకుపోయింది.

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి 34 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. కొద్దిరోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగిలినవారిని హుటాహుటిన హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులకు తరలించారు. ప్రభుత్వం కుటుంబానికి 5 లక్షల రూపాయలు, రెండు పడకగదుల ఇల్లు ప్రకటించింది, కొందరు అధికారులపై చర్యలు తీసుకుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఇలాంటి శిబిరంలోనే కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేయగా పదిమందికి పైగా మహిళలు మరణించారు. ఆ తర్వాత 2016లో దేవికా బిస్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలో శిబిరాల పద్ధతికే స్వస్తి పలకాలని చెప్పింది. ఆ గడువు దాటిన మూడేళ్లకు ఇబ్రహీంపట్నం జరిగింది. చనిపోయినవారంతా ఆరోగ్యవంతులు. రోగంతో కాదు, ప్రభుత్వం ప్రోత్సహించిన కార్యక్రమం కోసం ఆసుపత్రికి వచ్చినవారు. వారి పిల్లలకు దక్కినది ఎక్స్‌గ్రేషియా. ఆ మాటకు అర్థమే దయతో ఇచ్చినదని. పరిహారం హక్కు, ఎక్స్‌గ్రేషియా దయ. మొదటిది తప్పును ఒప్పుకుంటుంది, రెండోది తప్పును కప్పుతుంది.

ప్రభుత్వాసుపత్రికి బాధ్యతే లేదని కాదు. మహారాష్ట్రలో ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరచిపోయిన అచ్యుతరావ్ ఖోడ్వా కేసులో 1996లో, హర్యానాలో విఫలమైన కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు సంబంధించిన సంత్రా కేసులో 2000లో సుప్రీంకోర్టు ప్రభుత్వాలనే బాధ్యులను చేసింది. అత్యవసర స్థితిలో ఉన్న మనిషికి ప్రభుత్వాసుపత్రి చికిత్స నిరాకరిస్తే అది రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమేనని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. అయితే ఆ బాధితులు వెళ్లవలసింది సివిల్ కోర్టుకు లేదా హైకోర్టుకు. సంపన్నుడికి వినియోగదారుల కమిషన్, నిరుపేదకు హైకోర్టు అన్న ఈ తలకిందుల ఏర్పాటును సరిచేయాలన్న ఆలోచన ఏ పార్టీకీ రాలేదు.

సరిహద్దు రాజకీయం దీనికి తోడు. 2018 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం జీటీబీ ఆసుపత్రిలో 80 శాతం పడకలను ఢిల్లీవాసులకే కేటాయిస్తూ సర్క్యులర్ ఇచ్చింది. ఘజియాబాద్ వాసులకు అతి చేరువలోని పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో జీటీబీ ఒకటి. అక్టోబరు 12న ఢిల్లీ హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2020 జూన్‌లో కరోనా వేళ అదే ప్రయత్నం మళ్లీ జరిగింది. ముఖ్యమంత్రి ప్రకటించిన మర్నాడే లెఫ్టినెంట్ గవర్నర్ దాన్ని తోసిపుచ్చారు. ఓటు ఎక్కడుందో చూసి మంచం ఇవ్వాలన్న ఆలోచన కోర్టులో ఓడినా మనసుల్లో ఓడలేదు. దానికి ఉత్తరప్రదేశ్ పాలకులు సిగ్గుపడవలసింది కూడా ఉంది. తమ పౌరులు పక్క రాష్ట్రపు క్యూలో ఎందుకు నిలబడుతున్నారన్నది వారు జవాబు చెప్పవలసిన ప్రశ్న.

నేరచట్టం విషయానికి వస్తే చర్చ మరింత గందరగోళంగా సాగుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యంతో మరణానికి కారకులైనవారికి ఐదేళ్ల వరకు శిక్ష విధించింది. రిజిస్టర్డ్ వైద్యులకు మాత్రం గరిష్ఠ పరిమితి రెండేళ్లే. పాత శిక్షాస్మృతిలోనూ రెండేళ్లే ఉండేది కాబట్టి ఇది కొత్త మినహాయింపని అనలేం, పెంపు నుంచి తప్పించడం మాత్రమే. జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం క్రిమినల్ కేసుకు మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోర నిర్లక్ష్యం ఉండాలి. దర్యాప్తు అధికారి ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. ఈ నియమాన్ని పోలీసులు గాలికొదిలితే ఏమవుతుందో 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్సోట్ చూపించింది. ప్రసవానంతరం రక్తస్రావంతో బాలింత మరణించగా, జనం ఒత్తిడికి లొంగి పోలీసులు వైద్యురాలిపై ఏకంగా హత్య కేసు పెట్టారు. ఆ వైద్యురాలు ప్రాణం తీసుకున్నారు. బాలింత కుటుంబానికి నిజం తెలియలేదు, ఊరికి ఒక వైద్యురాలు లేకుండా పోయింది.

మరి వైద్యులపై విచారణ జరపవలసిన వైద్య మండళ్ల సంగతేమిటి? జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లో 30వ సెక్షన్ చదివితే తెలుస్తుంది. రాష్ట్ర వైద్య మండలి నిర్ణయం నచ్చకపోతే వైద్యుడు కేంద్రంలోని నైతిక విభాగానికి అప్పీలు చేసుకోవచ్చని అందులో స్పష్టంగా రాశారు. ఫిర్యాదు చేసిన రోగికి అలాంటి వాక్యం లేదు. అంతకుముందున్న నిబంధనల్లో బాధితులకూ అప్పీలు అవకాశముండేది. పార్లమెంటులో ఈ చట్టంపై వైద్య విద్య గురించి, ప్రవేశ పరీక్షల గురించి గంటల తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఈ తేడాకు మాత్రం దక్కవలసినంత చర్చ దక్కలేదు. ఒకే తగాదాలో ఒక పక్షానికే పైకోర్టు ఉంటే దాన్ని న్యాయమనరు.

ఈ వ్యవస్థ మారేదాకా రోగులు చేతులు ముడుచుకుని కూర్చోలేరు. ఇప్పుడున్న చట్టంలోనే వారి చేతికందే పనిముట్లు కొన్ని ఉన్నాయి. వైద్యుల వృత్తి నియమావళి 2002 ప్రకారం రోగి లేదా అతడి ప్రతినిధి రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే రికార్డు కాదు. కేస్ షీట్, నర్సులు రాసే నోట్స్, మత్తుమందు వివరాలు, ఆపరేషన్ నోట్స్, పరీక్షల నివేదికలు అన్నీ అందులోకే వస్తాయి. గొడవపడే ముందు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్న కుటుంబానికీ, గొడవపడ్డాక ఆరునెలలకు రికార్డులు గుర్తొచ్చిన కుటుంబానికీ కమిషన్ ముందు నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంటుంది. మరణకారణంపై అనుమానముంటే పోస్టుమార్టం వద్దనడం సొంత కేసును తామే చితిపై పెట్టడం. దుఃఖంలో ఆ నిర్ణయం ఎంతో కష్టం. కానీ ఆ తర్వాత దాన్ని సరిదిద్దుకునే వీలుండదు.

గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల చట్టం తెచ్చిన ఒక మేలు వైశాలి వంటి సరిహద్దు కాలనీలకు ఎంతో విలువైనది. ఫిర్యాదుదారుడు తాను నివసించే చోటి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఢిల్లీలోనో గురుగ్రామ్‌లోనో చికిత్స జరిగినా వైశాలి నివాసి ఘజియాబాద్ జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఢిల్లీలో ఆపరేషన్ చేయించుకుని ఊరికి తిరిగివెళ్లిన గుంటూరు మనిషి గుంటూరులోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ వింటాయి. చెల్లించినది 5 లక్షల లోపైతే రుసుమే లేదు. ఆసుపత్రికి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆ గడువు కాగితంపైనే ఉండిపోవడానికి ప్రధాన కారణం సభ్యుల నియామకాలను ప్రభుత్వాలు ఏళ్లకేళ్లు నాన్చడం. న్యాయం ఆలస్యమైందని కమిషన్‌ను నిందించే ముందు, ఖాళీ కుర్చీలను నింపని సచివాలయం వైపు చూడాలి.

ఇక రాజకీయ వ్యవస్థ చేయవలసినవి. ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, కనీస ప్రమాణాలు ఒక్కటిగా ఉండాలి. కేంద్ర చట్టం ప్రభుత్వాసుపత్రులనూ తన పరిధిలోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2002లో చేసిన చట్టానికి మాత్రం పేరులోనే 'ప్రైవేట్' ఉంది. ప్రభుత్వం ఇతరులకు నియమాలు పెట్టి తనను మినహాయించుకోవడం చెల్లదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 17 హక్కులతో రూపొందించిన రోగుల హక్కుల పత్రం 2018లో ప్రజాభిప్రాయానికి వచ్చింది. దాన్ని గోడకు అంటించే కాగితంగా కాక, ఉల్లంఘిస్తే లైసెన్సుపై ప్రభావం పడే నియమంగా మార్చాలి. ప్రభుత్వాసుపత్రి రోగిని కూడా వినియోగదారుల చట్టం కిందికి తెచ్చేలా పార్లమెంటు ఆ నిర్వచనాన్ని సవరించాలి. పన్ను కట్టే ప్రజల సొమ్ముతో నడిచే సేవను 'ఉచితం' అనడమే తప్పు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, తప్పెవరిదో తేలేదాకా ఆగకుండా హాని పొందినవారిని ఆదుకునే నిధి. న్యూజిలాండ్ 1974 నుంచి ప్రమాద పరిహార వ్యవస్థను నడుపుతోంది. చికిత్సలో గాయపడినవారికి కోర్టుకెక్కకుండానే చికిత్స ఖర్చు, కోల్పోయిన ఆదాయంలో భాగం అందుతాయి. స్వీడన్ 1975 నుంచి ఇటువంటి మార్గంలోనే నడుస్తోంది. పరిహారాన్ని నేరారోపణ నుంచి విడదీసినప్పుడే వైద్యుడు జరిగినది జరిగినట్టు చెప్పగలుగుతాడు. నిజం బయటికి వస్తేనే అదే పొరపాటు మరో మంచం దగ్గర జరగకుండా ఆగుతుంది. ఐదు లక్షల రూపాయల ఆరోగ్య బీమా ఇవ్వగల రాజ్యం, అందులో చిన్న భాగాన్ని ఆ బీమాపై జరిగే చికిత్సలో దెబ్బతిన్నవారి కోసం పక్కన పెట్టలేదా?

ఆసుపత్రుల సంఖ్య, పడకల సంఖ్య, కార్డుల సంఖ్య ఎన్నికల ప్రసంగాల్లో వినిపిస్తూనే ఉంటాయి. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చే నాయకుడిని, ఘజియాబాద్‌లోనైనా ఇబ్రహీంపట్నంలోనైనా, ప్రజలు మరో సంఖ్య అడగాలి. మీ పాలనలో ఎన్ని ఆసుపత్రులను, ప్రమాదం జరగకముందే, తనిఖీ చేశారు? ఎంతమంది రోగులకు, దయగా కాక హక్కుగా, పరిహారం అందింది? ఈ రెండు ప్రశ్నలకు అంకెలతో జవాబు చెప్పలేని ప్రభుత్వానికి ఆరోగ్యం గురించి గొప్పలు చెప్పుకునే అర్హత లేదు.